పాత లారీ డ్రైవర్లు ట్రాన్స్‌పోర్టు కంపెనీల మీద వేసే ఛలోక్తుల్లో నిజమెంత?

మీరు అడిగిన సంగతి ఇది. మీ నాన్నగారు లారీ నడపడం మానేసి చాలా ఏళ్ళయింది. ప్రతి ఆదివారం విజయవాడ ఆటోనగర్‌లో ఒక టీ కొట్టు దగ్గర నలుగురైదుగురు పాత డ్రైవర్లతో కూర్చుని, అప్పటి ట్రాన్స్‌పోర్టు కంపెనీల పేర్లు ఎత్తి ఒకరినొకరు దెప్పుకుంటూ పగలబడి నవ్వుతారు. పక్కన కూర్చున్న మీకు సగం మాటలు అర్థం కావడం లేదు, అర్థమైన సగంలో ఎంత నమ్మాలో తెలియడం లేదు. నేను 1970లో క్లీనరుగా బండెక్కి, 1976లో హెవీ లైసెన్సు తీసుకుని, పార్సిల్ బండ్లనూ ఫుల్ లోడు బండ్లనూ నడిపి, చివరి ఆరేళ్ళు ఒక బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా కూర్చున్నవాణ్ణి కనుక, తెలిసినంత మేరకు వివరంగా చెబుతాను.

ముందుగా ఒక మాట. వాళ్ళు వేగం గురించి చెప్పేవాటిని సగానికి కోసి వినండి, కంపెనీల గురించి చెప్పేవాటిని చాలావరకు నమ్మండి. హాల్టింగు గురించి మాత్రం జరిగినదానికంటే తక్కువే చెబుతారు. హాల్టింగు అంటే, సరుకు దింపుకోవలసినవాడు దింపుకోకుండా బండిని నిలబెట్టినందుకు రోజుకింత అని లారీకి రావలసిన డబ్బు. అలా నిలబడి ఉండటాన్నీ అదే మాటతో అంటాం. బయటివాళ్ళకు లారీ డ్రైవరంటే ఎప్పుడూ రోడ్డు మీద పరుగెత్తేవాడు. మా బతుకులో నిజంగా ఎక్కువ కాలం గడిచింది ఆగి ఉన్న బండి కిందనే. అందువల్ల ఒక కంపెనీ మంచిదా చెడ్డదా అని మేము తేల్చుకున్నది దాని బోర్డును చూసి కాదు, అది మమ్మల్ని ఎన్ని రోజులు నిలబెట్టింది, నిలబెట్టినందుకు డబ్బు ఇచ్చిందా ఎగ్గొట్టిందా అన్న లెక్కను చూసి. టీ కొట్టు దగ్గర వినిపించే ఛలోక్తుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

మీకు అర్థం కాని మాటల్లో మొదటిది పార్సిల్, ఫుల్ లోడు అనే తేడా అయి ఉంటుంది. ఫుల్ లోడు అంటే ఒకే షావుకారు సరుకు బండి నిండా ఎక్కించుకుని, ఒక ఊళ్ళో ఎత్తి ఇంకో ఊళ్ళో దించడం. గుంటూరు మిరపకాయలైనా, నూజివీడు మామిడికాయలైనా, కైకలూరు చేపలైనా అలాగే వెళ్ళేవి. పార్సిల్ అంటే వందమంది షావుకార్ల సరుకు ఒకే బండిలో వెళ్ళడం. బట్టల బేలు పక్కన మందుల పెట్టె, దాని మీద సైకిలు టైర్ల కట్ట ఉంటుంది. బుకింగ్ గుమాస్తా ఒక్కొక్క దానికి లారీ రసీదు రాసి, దాన్ని మేము ఎల్.ఆర్. అనేవాళ్ళం, కిరాయి ముందే కట్టారా, దించుకునేవాడు కట్టాలా అన్నది అందులో గుర్తు పెట్టేవాడు. రాత్రికి హమాలీలు ఊళ్ళ వరుస చూసుకుని, చివర దిగవలసినది ముందుగా లోపలికి, ముందు దిగవలసినది తలుపు దగ్గరికి వచ్చేలా సర్దేవారు. ఆ సర్దడంలో తప్పు జరిగితే తెల్లవారుజామున ఒంగోలులో ఒక్క పెట్టె కోసం బండిలో సగం సరుకు నేల మీద పరచాల్సి వచ్చేది. అందుకే ఫుల్ లోడు వాళ్ళు, పార్సిల్ వాణ్ణి మీ ఊరేదని అడిగితే ‘దించాల్సిందా, ఎక్కించాల్సిందా’ అని ఎదురడుగుతాడని నవ్వుతారు. దానికి పార్సిల్ వాళ్ళ జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: ఫుల్ లోడు వాడికి పెళ్ళిరోజు గుర్తుండదు గాని లోడు ఇప్పించే బ్రోకరు కొట్టు తెరిచే వేళ గుర్తుంటుందని. రెండూ నడిపినవాడిగా నా తీర్పు అడిగితే, పార్సిల్ బండిలో ఒళ్ళు అలిసేది, ఫుల్ లోడులో మనసు అలిసేది. పార్సిల్ బండికి వేళ ఉంటుంది. రాత్రి విజయవాడలో గోడౌను తలుపు పడితే మర్నాడు రెడ్ హిల్స్ దాటి మద్రాసులో ఉండాలి. ఫుల్ లోడు బండికి వేళ ఉండదు, తిరుగు లోడు దొరికేదాకా అది ఉన్నచోటే దాని ఊరు.

ఇక కంపెనీల పేర్లు. వాళ్ళ నోట తరచుగా వినిపించేవి కొన్ని ఉంటాయి. కలకత్తాలో 1958లో ప్రభుదయాళ్ అగర్వాల్ మొదలుపెట్టిన ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను అందరూ టి.సి.ఐ. అనే అంటారు. మన వైపు కాకినాడ శ్రీ రామదాస్ మోటార్ ట్రాన్స్‌పోర్టును ఎస్.ఆర్.ఎం.టి. అన్న నాలుగక్షరాలతోనే తెలుసుకున్నాం. విజయవాడలో 1982లో నవత వచ్చింది. గదగ్‌లో విజయ్ సంకేశ్వర్ 1976లో ఒక్క లారీతో మొదలుపెట్టిన వి.ఆర్.ఎల్. పసుపు బండ్లు మా రోడ్ల మీద బాగా కనపడటం ఆ తరువాతి మాట. అయితే ఆ రోజుల్లో పెద్ద కంపెనీల సరుకు మోసిన లారీల్లో చాలావి కంపెనీ సొంతం కావు. బండి ఒక ఓనరుది, బోర్డు కంపెనీది. అలాంటి బండిని అటాచ్డ్ లారీ అనేవారు. డ్రైవరు జీతం, బత్తా ఓనరు ఇస్తాడు. పని కంపెనీ చెబుతుంది. సరుకు తగ్గితే ఇద్దరూ డ్రైవరు వైపే చూస్తారు. ‘నేను ఫలానా కంపెనీలో ఇరవై ఏళ్ళు చేశాను’ అని ఒకరంటే, పక్కవాడు ‘నీకు వాళ్ళ జీతం రసీదు ఒక్కటైనా ఉందా బావా’ అని నవ్వడం మీరు విని ఉంటారు. ఆ మాటకు అర్థం ఇదే. కొంచెం గుచ్చుకునే మాటే, ఎందుకంటే పి.ఎఫ్. రాని కారణం కూడా అందులోనే ఉంది.

కృష్ణా జిల్లాలో ఇన్ని లారీలు ఎలా వచ్చాయన్నదానికి మా పెద్దవాళ్ళు చెప్పిన ఒక కారణం బస్సులు. ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది. ఈ జిల్లా బస్సు రూట్లను జాతీయం చేసే పథకం మీద ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు పేరున నడిచిన ఆ కేసులో, అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు అయితే ఆ విచారణ వట్టి తంతు అవుతుందని 1958 నవంబరులో కోర్టు చెప్పింది. ఒక విడత గెలిచినా చివరికి రూట్లు ఆర్టీసీకే వెళ్ళాయి; చేతిలో డ్రైవర్లూ మెకానిక్కులూ ఉన్న కొందరు యజమానులు లారీల వైపు తిరిగారని అంటారు. మాలో కాస్త చదువుకున్న ఒకాయన ఆ తీర్పు మాటను ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు అన్వయించేవాడు: మన గోడు వినేది గుమాస్తా, తేల్చేది షావుకారు, కనుక ఇదీ వట్టి తంతేనని.

జాతీయ పర్మిట్ రాకముందు సంగతులు మీ నాన్నగారి కంటే పెద్దవాళ్ళు ఆ బృందంలో ఉంటేనే వినిపిస్తాయి. అప్పట్లో ఒక రాష్ట్రం పర్మిట్ మీద ఇంకో రాష్ట్రంలో తిరగాలంటే ఆ రాష్ట్రం వాళ్ళ ప్రతిసంతకం కావాలి. అది లేని బండి సరిహద్దులో ఆగిపోతుంది, సరుకు అక్కడ వేరే బండికి మారుతుంది. 1975లో నేషనల్ పర్మిట్ పథకం వచ్చింది గాని మొదట్లో రాష్ట్రానికి ఇన్నే అని పరిమితి ఉండేది. పర్మిట్ ఉన్న బండికీ లేని బండికీ కిరాయిలో తేడా ఉండేది. ఆ తరువాత కూడా ఒక్కొక్క రాష్ట్రం పన్నుకు విడివిడిగా డ్రాఫ్టు తీయవలసి వచ్చేది. 2010లో అన్నిటికీ కలిపి ఒకే రుసుము అయ్యేసరికి నేను బండి దిగిపోయాను. ఇచ్ఛాపురం అవతల పురుషోత్తపురం, తడ దగ్గర భీమునివారిపాలెం, ఈ రెండు చెక్‌పోస్టుల వరుసల్లో నేను గడిపిన రాత్రులను కలిపితే ఒకటి రెండేళ్ళు తేలుతుందేమో. 2017 జులైలో జీఎస్టీ వచ్చి ఆ పన్నుల గేట్లు లేచాక, ఒక ఆదివారం పని ఏమీ లేకపోయినా ముగ్గురం బస్సెక్కి తడ దాకా వెళ్ళి, బండ్లు ఆగకుండా పోతుండటం చూసి, టీ తాగి తిరిగి వచ్చాం. ఇంట్లోవాళ్ళకు అది పిచ్చిగా తోచింది.

టాటా, లేలాండ్ గొడవను అంతగా పట్టించుకోనక్కరలేదు, అది కులాభిమానం లాంటిది. ఒక్క సంగతి మాత్రం తెలిసి ఉంటే వాళ్ళ మాటలు తేలికగా అర్థమవుతాయి. టాటా వాళ్ళకూ జర్మనీ డైమ్లర్ బెంజ్‌కూ 1954 నుంచి 1969 దాకా ఒప్పందం ఉండేది, ఆ బండ్ల ముందు బెంజ్ నక్షత్రం ఉండేది, అందుకే ముసలివాళ్ళు టాటాను ఇప్పటికీ ‘బెంజి’ అంటారు. మోడల్ అంకెలకు కూడా అర్థం ఉంది. 1210 అంటే బండి, సరుకు కలిపి సుమారు 12 టన్నులు, ఇంజను సుమారు 100 హార్స్‌పవర్. 1613 అంటే 16 టన్నులు, 130 హార్స్‌పవర్. 2515, 407 కూడా ఇదే లెక్క. మొత్తం 12 టన్నులకు మించరాదని కంపెనీ నంబరులోనే రాసి పంపిన బండి మీద, ఒక్క సరుకే 12 టన్నులు వేయించి పంపిన షావుకార్లను నేను చూశాను. అప్పుడు కంపెనీ నుంచి వచ్చేది చట్రం, ఇంజను, ముందు మూతి మాత్రమే. క్యాబిన్‌ను ఇక్కడ ఆటోనగర్ వడ్రంగులు చెక్కతో కట్టేవారు. ఇంజను మూత మీ మోకాలి పక్కనే ఉంటుంది. ఎండాకాలం అది నరకం, కాని పొద్దున కట్టించుకున్న అన్నం కేరేజీని గుడ్డ చుట్టి దాని మీద పెడితే రాత్రి పదింటికి కూడా పొగలు వచ్చేది. ‘ఇప్పటి ఏసీ క్యాబిన్‌లో అన్నం చల్లారిపోతుంది పాపం’ అని వాళ్ళు కుర్ర డ్రైవర్లను వెక్కిరించేది ఇందుకే.

ఘాట్ కథలు నమ్మవచ్చు. సాలూరు కూడా మనలాగే లారీల ఊరు. విశాఖపట్నం నుంచి రాయ్‌పూర్ పోయే సరుకంతా అక్కణ్ణుంచి కొండెక్కి, సుంకి మీదుగా కోరాపుట్, జగదల్‌పూర్, ఆ పైన పన్నెండు మలుపుల కేష్కాల్ ఘాట్ దాటి వెళ్ళాలి. 1974 వానాకాలంలో ఎరువుల బస్తాలతో ఆ కొండ ఎక్కినప్పుడు నేను క్లీనరును. మా గురువు బండిని మొదటి గేరులో నడకకంటే నెమ్మదిగా ఎక్కిస్తుంటే, నేను తుమ్మచెక్క దిమ్మను రెండు చేతులా పట్టుకుని వెనక చక్రం పక్కనే నడవాలి. ఇంజను ఆగిపోయినా, గేరు జారినా ఆయన హారన్ ఒక్కసారి కొడతాడు, ఆ శబ్దం ఆగేలోపు దిమ్మ చక్రం కింద పడాలి. ఆ రోజు మూడుసార్లు కొట్టాడు. మూడోసారి దిమ్మ తడిసిన మట్టిలో జారి, బండి ఒక జానెడు వెనక్కి వచ్చి, దిమ్మకు కట్టిన తాడు నా అరచేతిలోంచి లాక్కుపోయింది. పైన రేడియేటరు నీళ్ళు కాగుతూ ఉండగా ఆయన కిందికి దిగి నా చెయ్యి చూసి, డీజిల్ గుడ్డ చుట్టి, ‘జానెడేగా, బారెడు కాలేదు, పద’ అన్నాడు. ఆ మాట తరువాత మా అందరికీ వాడుక అయిపోయింది. మీ నాన్నగారి బృందంలో ఎవరైనా ఏ కష్టం చెప్పుకున్నా ‘జానెడేగా’ అని ఇంకొకరు అంటుంటే, అది సాలూరు ఘాట్ లోనో దాని లాంటి ఇంకో కొండ మీదనో పుట్టిన మాటే.

వేగం సంగతికి వస్తాను. ‘కలకత్తాకు ఇరవై నాలుగు గంటల్లో దించాను’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. విజయవాడ నుంచి కలకత్తా సుమారు 1,200 కిలోమీటర్లు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనులు జరగకముందు అది ఎదురు బండి వస్తే చెరొక చక్రం మట్టిలోకి దించవలసిన రోడ్డు. లోడు బండి గంటకు సగటున ముప్పై పోతే గొప్ప. అంటే స్టీరింగు మీదే నలభై గంటలు, నిద్ర, తిండి, చెక్‌పోస్టులు కలిపి మూడు రోజులు, ఒక్కొక్కప్పుడు నాలుగు. చేపల బండ్లు ఐసు కరిగిపోకుండా ఇద్దరు డ్రైవర్లతో పరుగెత్తేవి, వాళ్ళ లెక్క వేరు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చిందని, రోజుకు ఎనిమిది గంటల పని అని అందులో ఉందని యూనియన్ ఆయన ఒకసారి మాకు చదివి వినిపిస్తే, వెనకనుంచి ఎవరో ‘ఎనిమిది గంటలు పడుకోమన్నారేమో, సరిగ్గా చూడండి’ అన్నారు.

హాల్టింగు గురించి తక్కువ చెబుతారని మొదట అన్నాను, దాన్ని ఒక అనుభవంతో వివరిస్తాను. 1980ల చివర్లో గుంటూరు నుంచి ఎండు మిరపకాయలు వేసుకుని కలకత్తా వెళ్ళాను. పేరు వద్దు గాని, బుక్ చేసింది అప్పటికి బాగా నడుస్తున్న ఒక సంస్థ. పగలు నగరంలోకి లారీలను రానివ్వరు కనుక హౌరా వైపు ఆగి, రాత్రి లోపలికి వెళితే, గోడౌను నిండి ఉందన్నారు. అయిదు రోజులు వాన. సరుకు మీద కప్పిన పట్టా మీద నీళ్ళు మడుగు కడితే అడుగునున్న బస్తాలు నల్లబడతాయి కనుక, నేనూ క్లీనరూ రెండు గంటలకొకరం పైకెక్కి నీళ్ళు తోసేవాళ్ళం. బండి కింద కిరసనాయిలు స్టవ్ మీద అన్నం, చింతపండు పచ్చడి. ఆరో రోజు దించుకుని, ఎల్.ఆర్. వెనక సంతకం పెట్టి ఇచ్చారు. విజయవాడలో ఆ కాగితం చూపి అయిదు రోజుల హాల్టింగు అడిగితే, గుమాస్తా దాన్ని నా వైపు తిప్పి తారీఖు చూపించాడు. బండి చేరిన తారీఖు ఎక్కడా లేదు, దించిన తారీఖు ఒక్కటే ఉంది. దాని ప్రకారం నేను వెళ్ళిన రోజే సరుకు దిగింది. పైపెచ్చు బండి అయిదు రోజులు ఆలస్యంగా చేరినట్టు లెక్క తేలి కిరాయిలో కోత కూడా పడింది. ‘నీ మాట నిజమే అయి ఉంటుంది, కాని ఫైలులో పెట్టేది కాగితాన్నే’ అన్నాడాయన. ఆనాటి నుంచి నేను చదువు రాని డ్రైవర్లకు కూడా చెప్పేవాణ్ణి: గేటు దగ్గర వాచ్‌మన్ చేతనైనా సరే, చేరిన తారీఖు, గంట రాయించుకోకుండా తాడు విప్పవద్దని. సరుకు రవాణా చేసేవాడి బాధ్యతను చెప్పే చట్టం ఆ రోజుల్లో 1865 నాటిది. 2007లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. ఆ రెండూ సరుకు యజమాని నష్టం గురించి చెప్పినంతగా బండి కింద పడుకున్నవాడి రోజుల గురించి చెప్పవు.

తరువాత బుకింగ్ ఆఫీసులో నేను అవతలి కుర్చీలో కూర్చున్నాను. అక్కడ చేసిన ఒక పని కూడా చెప్పాలి. మా షావుకారుకు పెద్ద బేరమిచ్చే పార్టీ ఒకటి మూడు రోజులు బండిని నిలబెట్టి, చేరిన తారీఖు లేకుండానే కాగితం ఇచ్చింది. ఆ డ్రైవరు నిజమే చెబుతున్నాడని నాకు తెలుసు. షావుకారు ముఖం చూశాను, కాగితాన్ని ఆ డ్రైవరు వైపు తిప్పాను, తారీఖు చూపించాను. అతను ఏమీ అనకుండా బత్తా తీసుకుని వెళ్ళిపోయాడు.

కనుక వచ్చే ఆదివారం మీరు అక్కడ కూర్చున్నప్పుడు, ఏ కంపెనీ మంచిది అని అడగకండి, ఎక్కడ ఎక్కువ రోజులు నిలబడ్డారు అని అడగండి. మాటలు వాటంతట అవే వస్తాయి. పాత ఎల్.ఆర్. పుస్తకమో, డీజిల్ చీటీనో ఇంట్లో ట్రంకు పెట్టెలో దొరికితే తీసుకెళ్ళండి, ఒక్క కాగితం చూస్తే పది ఊళ్ళు గుర్తొస్తాయి. ప్రమాదాల గురించి మాత్రం మీ అంతట మీరు అడగవద్దు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు, అప్పుడు నవ్వులు ఉండవు. ఆ గుంపులోకి అప్పుడప్పుడు నేనూ వస్తుంటాను. నేను రాగానే సన్నగా, పొడుగ్గా ఉండే ఒకాయన బెంచీ మీద జరిగి చోటిస్తూ, ‘రా తారీఖు బాబాయ్, ఎన్నింటికి చేరావో ముందు రాసుకో’ అంటాడు. అందరూ నవ్వుతారు. ఆయన మూడు రోజుల హాల్టింగు నేనే ఎగ్గొట్టాను. వచ్చిన ప్రతిసారీ ఆయన టీ డబ్బులు నేనే ఇస్తాను, ఇంకా బాకీ తీరలేదంటాడు.